గురువారానికీ సోమవారానికీ మధ్య

ఆ ఏడాది జూలై రెండో ఆదివారం నుంచి అక్టోబరు మూడో ఆదివారం వరకు నా దినచర్య పుస్తకంలో ఇద్దరు మనుషుల బరువులు పక్కపక్కన ఉంటాయి. ఒకటి నాది: పరుగుకు ముందు ఎంత, తరువాత ఎంత. రెండోది మా అక్క భర్తది: డయాలసిస్‌కు ముందు ఎంత, తరువాత ఎంత. మొదటి ఆదివారం పదహారు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి కాటా ఎక్కితే నేను కిలోన్నర తగ్గాను. మరునాడు ఆస్పత్రిలో కాటా ఎక్కితే ఆయన గురువారం కంటే రెండు కిలోల రెండు వందలు పెరిగారు. కిడ్నీలు పనిచేయని మనిషికి తాగిన నీరు బయటకు పోయే దారి ఉండదు. మిషను లాగేదాకా అది ఒంట్లోనే ఉంటుంది.

ఆ రెండు అంకెలూ చదివి వినిపించినప్పుడు ఆయన చాలాసేపు నవ్వారు.

"నీ ఒంట్లోంచి పోయిందంతా నా ఒంట్లోకే వస్తన్నాది బావా. తూకం సరిపోయినట్టే కదేటి, గుమస్తా?"

ఆయన నాకంటే ఐదేళ్ళు పెద్ద. అయినా పెళ్ళయిన నాటి నుంచి మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. ఇక్కడ కూడా ఆయనను బావ అనే రాస్తాను.

నేను నౌపడ ఉప్పు మడుల దగ్గర లారీల కాటా మీద బరువులు రాసే గుమాస్తాను. ఖాళీ లారీ ఎంత, నిండు లారీ ఎంత, మధ్య తేడా ఎంత. ఇరవై తొమ్మిదేళ్ళుగా నా పని ఇదే. అప్పటికి నాకు యాభై మూడేళ్ళు. నలభై ఎనిమిదో ఏట రక్తంలో చక్కెర కనిపిస్తే డాక్టరు నడవమన్నారు, నడిచాను. నడక చాలలేదు, పరుగెత్తాను. ఏ రోజు ఎంత దూరం, ఎంత సేపట్లో అన్నది రాసుకుంటూ వచ్చాను. ఐదేళ్ళకు ఆ అంకెలు ఒక మారథాను వైపు చూపించాయి. విశాఖ సముద్రపు ఒడ్డున డిసెంబరులో జరిగే పరుగుకు పేరు ఇచ్చాను.

ఉద్దానం అనే మా చుట్టుపక్కల కొబ్బరి ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎరగని వీధి ఉంటే అది వెతికి పట్టుకోవలసిందే. వారానికి రెండుసార్లు పట్టణానికి వెళ్ళి, నాలుగేసి గంటలు మిషను మీద ఉండి, తల తిరుగుతుండగా బస్సులో నిలబడి తిరిగి వచ్చే మనుషులు వాళ్ళు. వాళ్ళను తీసుకుపోయి తీసుకురావడానికి ఒక వ్యాను కొనాలని కొందరు ఉపాధ్యాయులూ, ఒక మందుల షాపు యజమానీ పూనుకున్నారు. నేను పరుగెత్తే ప్రతి కిలోమీటరుకు ఇంత అని దాతలు మాట ఇచ్చారు. మారథాను ఒక్కటే కాదు, దానికి ముందు ఆదివారాలు చేసే దూరపు సాధన పరుగులు కూడా లెక్కలోకి వస్తాయన్నారు.

నేను ఒక షరతు పెట్టాను. ప్రతి కిలోమీటరుకు సాక్షి సంతకం ఉండాలి. వాళ్ళు నన్ను నమ్మక కాదు. కాటా దగ్గర మా పద్ధతి అది: గుమాస్తా రాస్తాడు, పక్కన లారీ డ్రైవరు సంతకం పెడతాడు. రెండో చెయ్యి పడని తూకం తూకం కాదు. వ్యాను వాళ్ళు అక్కర్లేదన్నారు. నేను వినలేదు. ఈ షరతు పెట్టినది నేనే అన్నది గుర్తుంచుకోవాలి.

సాక్షిగా వస్తానని బావ ముందుకు వచ్చారు. అక్క ఒప్పుకోలేదు.

"మిషను మీద పడుకునే మనిసికి బండెక్కి ఊరేగడమేటి? ఇంటికాడ కూకోలేవా?"

"కూకుంటే మాత్రం నాకు పెన్సనిస్తారేటే? వారానికి ఏడు రోజులూ పేసెంటుగానే ఉన్నాను. ఒక్క పూట నన్ను ఆపీసరుగా ఉండనీ."

"ఆపీసరంట! ఆ మొకానికి."

"వ్యానొస్తే మొదటి సీటు నాదే. సీటు కావాలంటే పని సెయ్యాలి గదా, ఊరికే ఎవుడిస్తాడు?"

అక్క చివరికి ఒక సీసా చేతికి ఇచ్చి ఒప్పుకుంది. బావకు డాక్టరు చెప్పిన కొలత రోజుకు ఏడు వందల మిల్లీలీటర్లు. టీ, మజ్జిగ, మాత్ర మింగే గుక్క, అన్నీ అందులోనే. అక్క ప్రతి ఉదయం ఆ కొలతకు సీసా నింపేది. రాత్రికి అది ఎప్పుడూ ఖాళీ అయ్యేది; ఆదివారాలు ఉక్కలో తిరిగి ఇల్లు చేరేసరికే అడుగంటేది. చివరి చుక్క కోసం సీసాను తలకిందులు చేసి నోట్లోకి తట్టుకునేవారు బావ.

ఆయన కొబ్బరి రైతు. నూట నలభై చెట్లు. తాగకూడని వాటిలో కొబ్బరి నీళ్ళు మొట్టమొదటిది. అందులో ఉండే పొటాషియం ఇలాంటి రోగి ఒంట్లో నిలిచిపోయి గుండెను ఆపగలదని ఆస్పత్రిలో మొదటి రోజే చెప్పారు. రెండేళ్ళుగా ఆయన తన చెట్ల బొండం తాను నోట పెట్టలేదు.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. మా ఊళ్ళలో గుమ్మం దగ్గర ఆగిన మనిషికి బొండం కొట్టి ఇస్తారు. ఈ జబ్బుకు నేల నీరే కారణమని అనుమానం పుట్టిన తరువాత ఆ అలవాటు ఇంకా గట్టిపడింది. నీళ్ళిస్తే ఏం తాగించారో అనుకుంటారని బొండమే ఇస్తారు. అందువల్ల బొండం వద్దన్న మనిషిని ఎందుకని ఎవరూ అడగరు. అతని ముంజేతి వైపు చూస్తారు, డయాలసిస్ సూదులు గుచ్చే చోట నరం ఉబ్బి ఉందా అని. ఆ తరువాత గొంతు తగ్గించి మాట్లాడతారు. బావ ఆ తగ్గిన గొంతును భరించలేకపోయేవారు. ఆదివారాలు ఆయన పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకుని వచ్చేవారు. అది ఎండకని నేను అనుకున్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరేవాళ్ళం. ఉప్పు మడుల పక్కగా మొదటి మూడు కిలోమీటర్లు. ఆ తరువాత రోడ్డు కొబ్బరి తోటల్లోకి పోతుంది. బావ పాత మోపెడ్ మీద ముందుకు పోయి, కిలోమీటరు గుర్తు దగ్గర ఆగి, నేను చేరగానే ఈల ఊది, సమయం రాసి, అట్ట మీద గడిలో సంతకం పెట్టేవారు. ఊళ్ళవాళ్ళు ఆయన అట్టనూ, ఈలనూ చూసి రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చిన అధికారి అనుకున్నారు. ఒకాయన ఎదురువచ్చి తన పాకను వదిలేయమని నమస్కారం పెట్టాడు. బావ ఆ పాకను పైనుంచి కిందిదాకా చూసి, "సూద్దాం, పైవోళ్ళకి రాస్తాను," అన్నారు. ఆ పూటంతా ఆయన ముఖం వెలుగుతూనే ఉంది.

నన్ను మాత్రం వదిలేవారు కాదు.

"పరిగెడతన్నావా, ఎవులికైనా దారి అడగడానికి ఆగినావా బావా? నాను బండాపి ఒక కునుకు తీసీవచ్చు."

ఏడో కిలోమీటరు దగ్గర ఒక తోట ఉంది. ఆ తోట ఆవిడ, అరవై దాటిన మనిషి, మా పరుగు కిడ్నీ రోగుల వ్యాను కోసమని విని, రెండో ఆదివారం నుంచి తిరుగు దారిలో మాకోసం రోడ్డు పక్కన బల్ల వేసి ఉంచేది. నాకొక బొండం, బావకొక బొండం. నాకు అక్కడ మూడు నిమిషాల విరామం. నాది తాగి, రోడ్డుకు అవతలి పక్క చెట్టుకు చేతులానించి, పిక్కలు సాగదీసుకుంటూ గడియారం చూసుకునేవాడిని. అప్పుడు నా వీపు వాళ్ళ వైపు ఉండేది. బావ బొండం ఏం చేస్తున్నారో నేను ఒక్కసారి కూడా చూడలేదు. తాగరని తెలుసు కనుక చూడలేదు.

పదహారు, పద్దెనిమిది, ఇరవై ఒకటి, ఇరవై నాలుగు. దూరం పెరిగింది. సెప్టెంబరులో వానకు రెండు ఆదివారాలు పోయాయి. అక్టోబరు మూడో ఆదివారం ముప్పై రెండు. మారథానుకు ముందు అంతకంటే పెద్ద పరుగు లేదు.

ఆ ఉదయం వాన వెలిసిన ఉక్క. పదహారో కిలోమీటరు దగ్గర వెనుదిరిగినప్పటికే నా చొక్కా పిండితే కారేటట్టుంది. బావ ముఖం కొంచెం ఉబ్బి కనిపించింది. సోమవారం దగ్గర పడితే ఎప్పుడూ ఉండేదే. ఇరవై ఐదో కిలోమీటరుకు, ఏడూ ముప్పై ఎనిమిదికి, తోట దగ్గర ఆగాం. నా బొండం తాగాను. రోడ్డు దాటాను. మూడు నిమిషాలు లెక్కపెట్టుకున్నాను. వెనుక ఆవిడ ఏదో గట్టిగా అంటోంది, బావ నవ్వుతున్నారు, కత్తి దెబ్బ ఒకటి మళ్ళీ వినిపించింది. సమయం అయింది. పరుగు మొదలుపెట్టాను.

ఇరవై ఆరు దగ్గర ఈల సన్నగా వినిపించింది. ఇరవై ఏడు దగ్గర అట్ట వైపు చూస్తే సంతకం గడి దాటి పక్క గడిలోకి పోయింది. ఆ కాగితం దాతల ముందు పెట్టవలసింది.

"గడిలో పెట్టు బావా," అన్నాను.

"నా సెయ్యి నా మాట ఇనడం లేదురా."

"నా కాళ్ళు మాత్రం ఇంటన్నాయేటి?" అని, ఆగకుండా ముందుకు పోయాను.

అది ఆయన ఎప్పుడూ ఆడే వేళాకోళం అనుకున్నాను. ఇరవై ఎనిమిది దగ్గర పెట్టింది సంతకం కాదు, కాగితం అంచు దాకా జారిన ఒక గీత. ఆ తరువాత బండి నన్ను దాటి రాలేదు, ఇరవై తొమ్మిది దగ్గర ఆయన లేరు. గుర్తు దగ్గర నిలబడి వెనక్కి చూశాను. ఎనిమిదీ పదకొండు. రెండు వందల గజాల వెనుక మోపెడ్ పక్కకు ఒరిగి ఉంది. బావ గట్టు మీద కూర్చుని, లేవలేక, రెండు చేతులతో తన కాలు తానే ఎత్తడానికి ప్రయత్నిస్తున్నారు.

"కాళ్ళు సచ్చుబడిపోయినాయి బావా," అన్నారు. ఈల ఇంకా మెడలో ఉంది.

అంబులెన్సు ఇరవై ఆరు నిమిషాలకు వచ్చింది. అందులో ఉన్నతను చొక్కా చెయ్యి పైకి మడిచి, ఉబ్బిన నరం చూసి, వెంటనే అడిగాడు.

"పొద్దున్నుంచి ఏం తిన్నారు? ఏం తాగారు? బొండం గానీ, పండు గానీ?"

నేను పుస్తకం చూసి సమాధానం చెప్పాను. "ఒక ఇడ్లీ. సీసాలోంచి ఒక గ్లాసు నీళ్ళు. ఇంకేమీ లేదు. నేను పక్కనే ఉన్నాను."

బావ కళ్ళు తెరిచే ఉన్నాయి. నా వైపే చూస్తున్నారు. నన్ను దిద్దలేదు. దిద్దడానికి ఓపిక లేదో, దిద్దకూడదనుకున్నారో, నాకు తెలియదు. ఆ చూపును ఎన్నిసార్లు తలచుకున్నా రెండిటిలో ఒకదాన్ని తీసివేయలేకపోయాను. పట్టణం ఆరు కిలోమీటర్లు ఉందనగా, ఎనిమిదీ యాభై ఎనిమిదికి, ఆయన గుండె ఆగింది. ఆస్పత్రిలో ఇరవై నిమిషాలు ప్రయత్నించారు.

పొటాషియం ఒక్కసారిగా పెరిగి ఉంటుందని డాక్టరు అన్నారు. ఏమైనా తాగారా అని ఆయన కూడా అడిగారు. లేదన్నాను. నేను లెక్క రాశానని అన్నాను.

పదకొండో రోజు కార్యం అయిన తరువాత, బంధువులు వెళ్ళిపోయాక, అక్క ఆ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. ఆ రోజు మోపెడ్ సంచిలో దొరికినది దొరికినట్టే ఉంచింది. అందులో సగానికి పైగా నీళ్ళున్నాయి.

"నాలుగ్గంటలు ఉక్కలో తిరిగిన మనిసి, ఇన్ని నీళ్ళు మిగిల్సినాడు. మిగతా ఆదివారాలు ఇంటికొచ్చీసరికి సీసా అడుగంటిపోయీది. మీ బావ ఏటి తాగినాడు?"

సీసాను వంటింటి కాటా మీద పెట్టి తూచాను, అలవాటు కొద్దీ. సీసా బరువు పోను నాలుగు వందల ముప్పై మిల్లీలీటర్లు. అక్క నా వైపు చూసిన చూపుకు తల వంచుకున్నాను.

మరునాడు తోటకు వెళ్ళాను. ఆవిడ బల్ల తుడుస్తోంది. మొన్న ఆదివారం మేము రాలేదని, బొండాలు పక్కన పెట్టి ఎదురుచూశానని అంది. బావ పోయారని చెప్పాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అడిగాను. ఆ రోజు ఆయన ఏమైనా తాగారా?

"ఎందుకు తాగలేదు బాబూ? ఆ ముందు వారాలన్నీ బండి ఎనక్కి పట్టుకెళ్ళి ఒంపీసేవోడు. నాను సూడలేదనుకున్నాడు. నాకు శానా కష్టమనిపించినాది. మా సెట్టు నీళ్ళు మట్టిలో పోస్తాడా అని. అందుకని ఆ రోజు ఎదురుగా నిలబడ్డాను. తాగీదాకా కదలను, ఆపీసరువైతే నీ ఇంటికాడ, అన్నాను. నవ్వీసినాడు. తాగినాడు."

"ఒకటేనా?"

"ఒకటి తాగీసి, కాయకేసి సూసినాడు. ఎంత తియ్యగున్నాదమ్మా, ఇంకోటి కొట్టు, అన్నాడు. అది కూడా తాగినాడు. అంత ఇట్టంగా తాగిన మనిసిని నాను సూడలేదు."

రెండో కత్తి దెబ్బ నేను విన్నాను. విని, గడియారం చూసుకున్నాను.

ఆవిడ ముఖం మెల్లగా మారింది. ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషి. నేను ఎందుకు అడుగుతున్నానో ఆమెకు తోచడం మొదలైంది.

"ఆయన కిడ్నీ మనిసి కాదు గదా బాబూ?"

"కాదమ్మా. గుండెపోటు."

"నిజవేనా? నా మీద ఒట్టు."

"నిజమే."

ఇంటికి వచ్చి ఆ మాట పుస్తకంలో రాసుకుని, అది అబద్ధమని పక్కన గుర్తు పెట్టాను. అంబులెన్సులో చెప్పినది కూడా తప్పే; దానికీ అదే గుర్తు పెట్టబోయి ఆగాను. అప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. చూడకుండానే చూశానన్నాను. దానికి వేరే గుర్తు నా దగ్గర లేదు.

అక్కకు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండు బొండాలూ, ఆవిడ నిలబడటమూ, నా వీపూ. అక్క ఏడవలేదు. గోడకున్న క్యాలెండరు దగ్గరకు పోయింది. సోమవారాలకూ గురువారాలకూ బావ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నారు.

"ఆవిడ మీద నాకు కోపం లేదు. మనింటికొస్తే మనవూ అలాగే తాగించీవోళ్ళం. ఇదిగో, ఇది సూడు. గురువారం మిషను మీదికెళ్తే మళ్ళీ సోమారం. మజ్జిన మూడు రోజులు. సోమారం గురువారానికి మజ్జిన రెండే. ఆదివారం వచ్చీసరికి ఆయన ఒళ్ళంతా నిండిపోయి ఉంటాది. శుక్రవారమైతే కడిగిన గిన్నెలాగుంటాడు. ఆ బొండాలే శుక్రవారం తాగుంటే బతుకుండీవోడేమో. నీకు ఆదివారమే దొరికినాదా?"

"కాటాకు సెలవు ఆదివారమే అక్కా."

"శుక్రవారం సెలవడిగినావా?"

"లేదు."

ఆమె సీసాలో నీళ్ళు తులసి కోటలో పోసి, సీసా బోర్లించింది.

నా పుస్తకంలో ఆయన బరువులన్నీ ఉన్నాయి. సోమవారం ఉదయం పెరుగుదల ప్రతిసారీ రెండు కిలోలకు పైనే; గురువారం ఉదయం ఎప్పుడూ కిలోన్నర లోపే. పద్నాలుగు వారాలు నా చేత్తోనే రాశాను. తేడాలు తీసి కింద గీత కూడా గీశాను. ఖాళీ లారీకీ నిండు లారీకీ తేడా చూడటం తప్ప వేరే చదువు లేని మనిషిని, ఆయన నిండి ఉన్న రోజున ఆయనను నాలుగేసి గంటలు రోడ్డు మీద తిప్పాను.

ఆ రోజు నేను ఆగింది ఇరవై తొమ్మిది దగ్గరే అయినా వ్యాను వాళ్ళు ముప్పై రెండు కిలోమీటర్లూ లెక్కలో వేస్తామన్నారు. ఇరవై ఆరు మాత్రమే వేయండి, ఆ పై సంతకాలు గడిలో లేవన్నాను. వాళ్ళు నా ముఖం చూసి సరేనన్నారు. వ్యాను జనవరిలో వచ్చింది. మారథాను పరుగెత్తాను. ఐదు గంటల ఇరవై రెండు నిమిషాలు. దాని గురించి రాయడానికి ఇంతకంటే లేదు.

దానికి ముందు దూరపు పరుగులు ఇంకా మూడు మిగిలి ఉన్నాయి. వాటిని శుక్రవారాలకు మార్చాను. అప్పటికి ఎవరికీ ఆ అవసరం లేదు. అయినా ఆదివారం ఆ రోడ్డు మీద అడుగు పెట్టలేకపోయాను. మూడు శుక్రవారాలు సెలవు కావాలని చీటీ రాసి యజమాని బల్ల మీద పెట్టాను. వానాకాలం అయిన కొత్త. మడుల్లో ఇంకా ఉప్పు పండటం మొదలు కాలేదు. కాటా మీదకు రోజుకు నాలుగైదు లారీలకు మించి రావడం లేదు. జూలైలోనూ అంతే, ఆగస్టులోనూ అంతే.

యజమాని ఫోనులో మాట్లాడుతూనే చీటీ దగ్గరకు లాక్కుని సంతకం పెట్టారు. ఎందుకని అడగలేదు. "ముందే అడిగుంటే ఎప్పుడైనా ఇచ్చేవాణ్ణి కదయ్యా," అన్నారు. బయటకు వచ్చి, కాటా గదిలో కూర్చుని, ఆ రోజు పేజీలో సమయం రాసుకున్నాను: పదకొండు గంటల ఐదు నిమిషాలకు లోపలికి, పదకొండు గంటల ఆరు నిమిషాలకు బయటకు.